ఖాళీ ఫోల్డర్‌లో కొలువైన అవగాహన ఒప్పందం గారికి

గౌరవనీయులైన అవగాహన ఒప్పందం గారికి,

నమస్కారాలు. మిమ్మల్ని కళ్ళారా చూడాలని మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ఇవాళ మా యూనివర్సిటీ, కంపెనీ కలిసి మీ పునరుద్ధరణ సభ పెట్టాయి కదా, ఆ భాగ్యం కలుగుతుందనుకున్నాను. రెండింటికి రమ్మన్నారు, రెండింటికే వచ్చాను. అతిథులు నాలుగున్నరకి వచ్చారు. ఈలోగా మా బ్యాటరీ ప్రయోగం పెట్టిన టేబుల్ మూడుసార్లు జరిగింది. బ్యానర్‌కి అడ్డమని ఒకసారి, కెమెరాకి అడ్డమని ఒకసారి, చివరికి తలుపుకి అడ్డమని. మూడోసారి జరిపిన మూలలో ప్లగ్ పాయింట్ లేదు. ల్యాప్‌టాప్ ఛార్జ్ అయిపోయింది, గ్రాఫులు దానితోపాటే పోయాయి.

ఫోల్డర్లు అందించాల్సిన మనిషి సమయానికి కనిపించకపోవడంతో ఆ పని నాకు తగిలించారు. నీలం అట్ట, బంగారు అక్షరాలు, రెండు సంస్థల ముద్రలు. చేతికి బరువు తెలియడం లేదేమిటా అని తెరిచి చూశాను. లోపల ఏమీ లేదు. కనీసం తెల్లకాగితం కూడా లేదు.

పక్కనున్నాయన నా మొహం చూసి మెల్లగా చెప్పారు: "ఒరిజినల్ ఇంకా లీగల్ వాళ్ళ దగ్గరే ఉందమ్మా. ఇది ఫొటో కోసం."

తర్వాత ఇద్దరు పెద్దలు ఆ ఖాళీ అట్టల్ని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఒకరు రెప్ప వేశారని ఫొటోగ్రాఫర్ అంటే వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చుకున్నారు. రెండుసార్లూ చప్పట్లు కొట్టాం.

నిందించడానికి రాయడం లేదండీ. మీ పాత ప్రతి నేను చదివాను. బహుశా చదివింది నేనొక్కదాన్నే. ఆరో పేరాలో, విద్యార్థుల ఆవిష్కరణలకు కంపెనీ ప్రయోగశాలల తలుపులు తెరుస్తామన్నారు. పదకొండో పేరాలో, ఈ పత్రం ఎవరిమీదా ఎలాంటి చట్టబద్ధమైన బాధ్యతా మోపదన్నారు. ఆరులో తెరిచిన తలుపు పదకొండులో వేసేశారు. మధ్యలో ఉన్న నాలుగు పేరాల్లో మేం మూడేళ్ళు గడిపాం.

మా పని మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి చెబుతాను. మేం చేసేది ఘనస్థితి బ్యాటరీ. మామూలు లిథియం బ్యాటరీలో మండే ద్రవం ఉండేచోట మాకు ఘనపదార్థం ఉంటుంది. మాది గంధకం కలిసిన సల్ఫైడ్ రకం. దానికి గాలి తగలకూడదు. కాస్త తేమ సోకితే చాలు, కుళ్ళిన గుడ్ల వాసనతో విషవాయువు వస్తుంది. అందుకే ఆర్గాన్ వాయువు నింపి మూసేసిన గ్లవ్ బాక్స్ అనే పెట్టెలో, దానికి అమర్చిన తొడుగుల్లోంచి చేతులు దూర్చి, ముక్కు దురదపెట్టినా గోక్కోకుండా, ఒక్కో సెల్ కూర్చుతాం. అది వచ్చేది 2032 అనే సైజు డబ్బీలో. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ప్రపంచంలో ఏ బ్యాటరీ ల్యాబ్‌కి వెళ్ళినా తొలి ప్రయోగాలు ఎక్కువగా ఈ బిళ్ళల్లోనే. కానీ ఇవాళ వచ్చిన ముఖ్య అతిథి దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇది కారు తాళంలో వేసేదే కదమ్మా?" అన్నారు. అన్నాక జేబులో వేసుకోబోయారు కూడా.

ఈ బిళ్ళని అరచేయంత పౌచ్ సెల్‌గా, అంటే పల్చటి సంచీలాంటి బ్యాటరీగా చేసి చూపించాలంటే, గాలిలో తేమ దాదాపు లేకుండా ఉంచే డ్రై రూమ్ కావాలి. అది కంపెనీలో ఉంది. మీ ఆరో పేరాలోనూ ఉంది. మేం మాత్రం మూడేళ్ళలో ఒక్కసారే అక్కడికి వెళ్ళాం. అద్దం ఇవతల నిలబడి గ్రూప్ ఫొటో దిగి వచ్చాం.

ఒక టెక్నాలజీ వాడకానికి ఎంత సిద్ధమైందో చెప్పడానికి నాసా వాళ్ళు పెట్టిన టెక్నాలజీ రెడీనెస్ స్థాయిలు 9 ఉన్నాయి కదండీ. నాలుగు దాకా అయితేనే పరిశోధన, ఆపైన మా పని కాదంటుంది యూనివర్సిటీ. ఏడుకి చేరాక రండి, చూద్దామంటుంది కంపెనీ. ఐదూ ఆరూ ఎవరి ఇంట్లో ఉంటాయో కనుక్కుని చెప్పగలరా?

హ్యాకథాన్ పోటీ సంగతి కూడా ఒక మాట. 36 గంటల్లో డీప్ టెక్ స్టార్టప్, అంటే లోతైన పరిశోధన మీద నిలిచే కంపెనీ, అని పోస్టర్ వేశారు. మా సెల్‌ని గంట ఛార్జ్ చేసి గంట డిస్చార్జ్ చేస్తే ఒక సైకిల్. 500 సైకిళ్ళకు వెయ్యి గంటలు, అంటే దాదాపు 42 రోజులు. 36 గంటల్లో 18 సైకిళ్ళు అవుతాయి. మెంటర్ గారు ఇది విని, "యాప్ ఏదైనా చేయకూడదా?" అన్నారు.

క్యాంపస్‌లో పేటెంట్లు చూసే ఐపీ సెల్ ఉంది, ఇంక్యుబేషన్ సెల్ ఉంది, ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ ఉంది. వీటన్నిటిలో ఛార్జ్ నిలుపుకునే సెల్ మాదొక్కటే.

మీరు లేకపోతే ఏమీ జరగదన్నట్టు మాట్లాడారు ఇవాళ వేదిక మీద. ఈ ఫోన్లన్నిటినీ నడిపిస్తున్న లిథియం బ్యాటరీ సంగతే తీసుకోండి. దాని కోబాల్ట్ ఆక్సైడ్ కేథోడ్, అంటే ధన ధ్రువం, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం చేతుల్లో పుట్టింది. పేటెంట్ మీద యూనివర్సిటీ ఆసక్తి చూపలేదు. హార్వెల్‌లోని బ్రిటన్ అణుశక్తి పరిశోధన సంస్థ ముందుకొస్తే, ఆయన హక్కులు రాసిచ్చేశారు. 1991లో సోనీ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆయనకు 97 ఏళ్ళ వయసులో, 2019లో, నోబెల్ వచ్చింది. పేటెంట్ డబ్బు మాత్రం రాలేదు. అంటే సంతకానికి విలువ లేదనను. చాలానే ఉంది. గూగుల్ వెతుకులాట పద్ధతి పేటెంట్ స్టాన్‌ఫర్డ్ పేరున ఉండేది. లైసెన్సుకి బదులు తీసుకున్న షేర్లను 2005 నాటికి అమ్మేసి దాదాపు 33 కోట్ల 60 లక్షల డాలర్లు సంపాదించింది ఆ యూనివర్సిటీ. అక్కడ సంతకం ఒక కాగితం మీద పడింది. ఆ కాగితంలో ఎవరు ఎవరికి ఏమివ్వాలో రాసి ఉంది.

నీలో ఏముంది?

"గారు" అనడం ఇక నా వల్ల కాదు. మూడేళ్ళ నుంచి నీ పేరు చెప్పి మమ్మల్ని ఆపారు. ఒప్పందం ఉంది కదా, ఇంకో కంపెనీని అడగొద్దన్నారు. ఒప్పందం ఉంది కదా, డ్రై రూమ్ కొనడం దండగన్నారు. అటు అడిగితే ఎన్‌డీఏ, అంటే రహస్యాలు బయటపెట్టబోమనే పత్రం, రాలేదన్నారు, ఇటు అడిగితే పంపేశామన్నారు. నువ్వు అసలు లేకపోయి ఉంటే ఎక్కడో ఒకచోట బతిమాలి ఈపాటికి పౌచ్ సెల్ చేసి ఉండేవాళ్ళం. నాతో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకతను ఉద్యోగంలో చేరిపోయాడు. ఎందులోనో తెలుసా? కంపెనీల తరఫున నీలాంటివి తయారుచేసే ఆఫీసులో.

మాకు నీ సంతకం వద్దు. వారానికి రెండు రాత్రులు ఆ డ్రై రూమ్ కావాలి. అక్కడ పనిచేసే టెక్నీషియన్ ఒకరు మాతో నిలబడితే చాలు. సభకి వచ్చిన వాళ్ళలో ఆయనొక్కడే మా టేబుల్ దగ్గర ఆగి, "ప్రెషర్ ఎంత పెడుతున్నారు?" అని అడిగాడు. ఆయన నంబర్ తీసుకున్నాను. నీకు చెప్పకుండా రేపు ఫోన్ చేస్తున్నాను.

అన్నట్టు, ఒక ఫోల్డర్ నా దగ్గరే ఉండిపోయింది. ఫొటో అయ్యాక దాని కోసం ఎవరూ రాలేదు. మా రీడింగుల కాగితాలు అందులో పెట్టుకున్నాను, బాగా పట్టాయి. ఇప్పుడు 212వ సైకిల్ నడుస్తోంది.

ఇట్లు,
తలుపు పక్క టేబుల్ అమ్మాయి