ఒక్కసారి తింటే చాలు

బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్సు పెట్టడానికి పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదు. ఎదురుగా ఇంకొకటి వెలిసినప్పుడు నిలబడటానికి కావాలి.

మా పీజీ కింద ఉన్న మెస్సు బాబాయ్‌ది. ఎవరికి బాబాయ్ అంటే అందరికీ. కావలి పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆయన గల్లాపెట్టె దగ్గర, పిన్ని పొయ్యి దగ్గర. ఇంట్లో మాట ఎవరిది చెల్లుతుందో భోజనం చేసిన ఎవరికైనా తెలుసు. ఈ ఏడాది ఎండాకాలంలో సరిగ్గా ఎదురు బిల్డింగులో ఇంకో మెస్సు తెరిచారు. ఏసీ, భోజనం చివర ఐస్‌క్రీము, చేయి కడుక్కునే చోట పెద్ద అద్దం. మా పీజీ కుర్రాళ్లు కూడా "అద్దం చూసొస్తాం" అని వెళ్లి త్రేన్చుకుంటూ వచ్చేవాళ్లు.

ఊళ్లో అయితే దీనికి మందు ఫ్లెక్సీ. చేతులు జోడించిన బాబాయ్ నిలువెత్తు ఫొటో, పైన మూలన ఎమ్మెల్యేగారు, కింద వరసగా శ్రేయోభిలాషుల తలకాయలు. బెంగళూరులో ఆ ముచ్చట తీరదు. 2018లో హైకోర్టు గట్టిగా పట్టుకున్నాక కార్పొరేషన్ ఫ్లెక్సీలను నిషేధించింది. పోనీ దుకాణం బోర్డు మీదే ఏదైనా రాద్దామా అంటే, అందులో 60 శాతం కన్నడం ఉండాలి. అది న్యాయమే. బాబాయ్ బోర్డు మీద పెద్దక్షరాల్లో కన్నడం, కింద చిన్నగా తెలుగు, ఆ రెంటికీ మధ్య పిన్ని పట్టుబట్టి వేయించిన వెంకటేశ్వరస్వామి. ఇంక ప్రచారానికి చోటెక్కడిది?

"ఫోనులో వేద్దాం బాబాయ్" అన్నాడు మా పై అంతస్తు మార్కెటింగ్ అబ్బాయి.

ఇతను ఏదో కంపెనీలో డిజిటల్ మార్కెటింగ్ చేస్తాడు. నెలాఖరున ఖాతా రాయించుకుని తింటాడు కాబట్టి బాబాయ్ పట్ల అతనికి అపారమైన అభిమానం. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెరుగు మరక తుడిచి కూర్చున్నాడు. ముందు ఉపోద్ఘాతం. "ప్రకటనలో హెడ్డింగే ప్రాణం బాబాయ్. కింద రాసిన మేటరు చదివేవాళ్ల కంటే హెడ్డింగు చదివేవాళ్లు ఐదు రెట్లు ఉంటారని ప్రకటనల గురువు డేవిడ్ ఓగిల్వీ చెప్పాడు. ఆయన 1958లో రోల్స్‌రాయిస్ కారుకి హెడ్డింగు పెట్టాడు. గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్తున్నా ఆ కారులో వినపడే పెద్ద చప్పుడు లోపలున్న ఎలక్ట్రిక్ గడియారానిదే అని. అది తేలడానికి 26 హెడ్డింగులు రాశాట్ట."

"మన మెస్సులో పెద్ద చప్పుడు గ్రైండర్‌ది" అన్నాడు బాబాయ్, ఆలోచిస్తూ.

"గ్రైండర్‌ది కాదు" అంది పిన్ని వంటింట్లోంచి. ఎవరిదో చెప్పలేదు.

ఓగిల్వీ 26 రాస్తే మనకి 200 కావాలన్నాడు మార్కెటింగ్ అబ్బాయి. అన్ని రాసే ఓపిక ఎవరికుంది, ఏఐకి చెప్దాం అన్నాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఇలాంటివి వీధికొకటి పుట్టాయి కదా, వాటిలో ఏదో తెరిచాడు. "బెంగళూరులో ఆంధ్రా మెస్సుకి జనాన్ని లాగే హెడ్డింగులు ఇవ్వు" అని టైపు చేశాడు. బాబాయ్ కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకునేలోపు యాభై వచ్చి పడ్డాయి.

"1987 నుంచి మీ సేవలో" అని మొదటిది. 1987లో బాబాయ్ కావలిలో పలకాబలపం పట్టుకుని ఉన్నాడు. "దక్షిణ భారతంలోనే నంబర్ వన్" అని ఇంకొకటి. "ఈ సాంబారులో ఏముందో తెలిస్తే షాకవుతారు" అని మూడోది.

"ఏముందిరా సాంబారులో?" పిన్ని గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏం లేదు పిన్నీ, జనానికి కుతూహలం పుట్టించడం..."

"నేను వండిన దాంట్లో ఏదో ఉందని రాసి కుతూహలం పుట్టిస్తావా?"

ఏఐ అలా ఎందుకు రాసిందో నేను చెప్పగలను, నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఈ యంత్రానికి సాంబారూ తెలియదు, షాకూ తెలియదు. ఇంటర్నెట్టులో జనం రాసిన కోట్ల కొద్దీ మాటలు చూసి, ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అది పేర్చుకుంటూ పోతుంది. హెడ్డింగు అనగానే దానికి తగిలేవి మనం రోజూ యూట్యూబులో చూసే షాకులూ, రహస్యాలూ, నమ్మలేని నిజాలూ. 1987 కూడా అంతే. పాత హోటళ్లు ఫలానా సంవత్సరం నుంచి అని రాసుకుంటాయి కాబట్టి అక్కడొక సంవత్సరం ఉండాలని దానికి తోచింది, పెట్టేసింది. అయితే జరిమానా మాత్రం దానికి పడదు. తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా వేయొచ్చు. మార్కెటింగ్ అబ్బాయి ఆ మాట చెప్పగానే బాబాయ్ గల్లాపెట్టె మూత మూశాడు. ఎందుకైనా మంచిదని.

ఆ తర్వాత వడపోత. హెడ్డింగు 30 అక్షరాలు దాటకూడదని ప్రకటనలు తీసుకునే సెర్చ్ కంపెనీ షరతు. ఇంగ్లీషు వాళ్లకి ఏ బాధా లేదు. మనకి గుణింతం గుర్తునీ, ఒత్తునీ, సున్నానీ కూడా విడివిడిగా లెక్కేస్తుంది ఆ పెట్టె. "గుత్తివంకాయ కూర, గోంగూర పచ్చడి, అప్పడం" అని రాసేసరికి ఎర్ర గీత. 30లోపు ఇవ్వమని ఏఐని అడిగితే "తప్పకుండా!" అని 41 ఇస్తుంది. తప్పు చూపిస్తే క్షమాపణ చెప్పి 44 ఇస్తుంది. అది మాటల్ని ముక్కలుగా చూస్తుందే తప్ప అక్షరాలు లెక్కపెట్టుకోదు, అందుకే ఆ అవస్థ. చివరికి పిన్ని వేళ్ల మీద లెక్కపెట్టింది. పిన్ని లెక్క ఎక్కడా తప్పలేదు. ఖాతా రాసేది కూడా ఆవిడే.

పదిహేను దాకా పెట్టుకోవచ్చన్నారు, పదిహేనూ తేలాయి. అన్నీ పిన్ని మంజూరు చేసినవే. "ఇంటి భోజనం గుర్తొచ్చిందా?", "అన్నం అడిగినంత", "ఆదివారం నాటుకోడి పులుసు", "పార్సిల్ చేసి పంపుతాం", "ఇక ఏ బెంగా ఉండదు". వీటిలో మార్కెటింగ్ అబ్బాయికి మరీ ఇష్టమైన జంట ఒకటుంది. "ఒక్కసారి తింటే చాలు", దాని తర్వాత "జీవితాంతం గుర్తుంటుంది". ఆఖర్న గుర్తుకోసం "ఆసుపత్రి ఎదురు సందులో". మా సందుకి వేరే ఆనవాలు లేదు. ఆటో అతనికైనా, గ్యాసు బండి అతనికైనా, అందరికీ అదే చెప్తాం.

విడివిడిగా ఒక్కదానికీ వంక పెట్టలేం. పెళ్లిలో ఒక బంతిలో కూర్చోబెట్టేదాకా చుట్టాలు కూడా మంచివాళ్లే.

ఈ రకం ప్రకటనలో పదిహేను హెడ్డింగులూ ఒకేసారి కనపడవు. యంత్రం వాటిలో మూడింటి దాకా తనకి తోచిన వరసలో కలిపి చూపిస్తుంది. ఏ కలయికని జనం ఎక్కువ నొక్కుతున్నారో గమనించి, దాన్ని ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది. ఏ హెడ్డింగు ఏ స్థానంలో ఉండాలో మేకు కొట్టినట్టు బిగించే ఏర్పాటు ఉంది, ఆ ఏర్పాటుని మార్కెటింగ్ అబ్బాయి వాడలేదు. "దాన్ని స్వేచ్ఛగా వదలాలి బాబాయ్, అప్పుడే నేర్చుకుంటుంది" అన్నాడు. రోజుకి 300 రూపాయలు ఖర్చు పెట్టమని చెప్పి, బజ్జీలు తిని పైకెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మా పీజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో. ఎవరో "ఆంధ్రా భోజనం" అని వెతికితే ఫోనులో కనపడినది:

ఒక్కసారి తింటే చాలు | ఆసుపత్రి ఎదురు సందులో

నేను బ్రష్ నోట్లో పెట్టుకునే నవ్వాను. కాసేపటికి ఇంకొకరి ఫోనులోంచి ఇంకోటి:

ఒక్కసారి తింటే చాలు | ఇక ఏ బెంగా ఉండదు | పార్సిల్ చేసి పంపుతాం

ఇక చూడండి. పీజీలో ప్రతివాడూ తన ఫోనులో ఏ కలయిక వస్తుందో చూడాలని వెతకడం, వచ్చినదాన్ని నొక్కడం, ఆఫీసులో పక్క సీటువాడికి చూపించడం, వాడూ నొక్కడం. బెళ్లందూరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెలుగు తెలిసిన సాఫ్ట్‌వేర్ జనం మధ్యాహ్నంలోపు బాబాయ్ మెస్సు గురించి మాట్లాడుకున్నారు. తినడానికి ఒక్కరూ రాలేదు.

యంత్రం మాత్రం పొంగిపోయింది. జనం నవ్వుకోవడానికి నొక్కుతున్నారని దానికెలా తెలుస్తుంది? నొక్కుతున్నారన్నదొక్కటే దానికి తెలుసు. "ఆసుపత్రి ఎదురు సందులో" అనేది "ఒక్కసారి తింటే చాలు" పక్కన పడినప్పుడల్లా మహా గిరాకీగా ఉందని కనిపెట్టి, ఆ జంటనే ఊరంతా తిప్పసాగింది. "జీవితాంతం గుర్తుంటుంది" పాపం ఒక మూల పడి ఉంది, దాన్ని ఎవరూ నొక్కలేదు. మార్కెటింగ్ అబ్బాయి సాయంత్రం వచ్చి రిపోర్టు తెరిచి, "బాబాయ్! ఈ నొక్కుళ్ల శాతం మా కంపెనీ ప్రకటనలకి కూడా రాలేదు" అన్నాడు. గొంతులో నిజమైన గౌరవం.

"నొక్కితే మనకేంటి?" అన్నాడు బాబాయ్.

"మనకేం లేదు. నొక్కినప్పుడల్లా మనం వాళ్లకి కట్టాలి."

బాబాయ్ ముఖం చూడాల్సింది. నవ్వుకున్న ప్రతివాడి నవ్వుకీ బిల్లు ఆయనకే. పైగా 300 అంటే రోజూ 300 దగ్గర ఆగుతుందనీ కాదు. ఒక రోజు గిరాకీ బాగుంటే రెట్టింపు దాకా వెళ్లి, నెల మొత్తం మీద సర్దుతుంది. మొదటి రోజే 580 అయింది. బాబాయ్ లేచి మెట్ల మొదట్లో నిలబడి, పీజీ నాలుగంతస్తులకీ వినపడేలా, "ఒరేయ్, నొక్కినవాడెవడైనా సరే, రేపట్నుంచి అప్పడం ఉండదు" అన్నాడు. గ్రైండర్ విషయంలో పిన్ని అన్నది అక్షరాలా నిజం.

ప్రకటన ఆపేద్దామని అంతా అనుకుంటుండగా సందు చివర నుంచి ఆసుపత్రి సెక్యూరిటీ అతను వచ్చాడు. ఖాకీ యూనిఫాం, చేతిలో ఫోను. బాబాయ్‌కి చెమటలు పట్టాయి. 10 లక్షల మాట ఇంకా చెవిలో ఉంది.

అతనిది కోలారు జిల్లా ముళబాగిలు. ఆ వైపు వాళ్ల తెలుగు మనకంటే కమ్మగా ఉంటుంది. "ఏం సార్, ఇది మీదేనా? లోపల అటెండర్లంతా ఒకటే నగు" అన్నాడు. బాబాయ్ తప్పైపోయిందనబోయాడు. "అది ఉండనీ సార్. పేషెంట్ల తావ ఉండేవాళ్లు అడగమన్నారు. ఎదురు సందులో మెస్సు ఉందని ఇంతవరకూ తెలీదంట. కారం లేకుండా అన్నం దొరుకుతుందా?"

కావలి మనిషిని పట్టుకుని కారం లేకుండా అన్నం ఉందా అని అడగడం! బాబాయ్ నోరు తెరిచేలోపు పిన్ని, "ఎంతమందికి?" అంది.

ఆ రాత్రికే పద్నాలుగు పార్సిళ్లు వెళ్లాయి. బీరకాయ పప్పు, మిరియాల చారు పలచగా, మెత్తటి అన్నం, మజ్జిగ. మర్నాడు పొద్దున్నే రాగిజావకి ఆర్డరు. అన్నవరం పక్క నుంచి ఆపరేషన్‌కని వచ్చిన పెద్దాయన కొడుకు ఒకతను, నాన్నకి ఇన్నాళ్లకి నోటికి ఏదో ఎక్కిందని పిన్నికి దణ్ణం పెట్టి వెళ్లాడు. బాబాయ్ గల్లాపెట్టె దగ్గర ముభావంగా కూర్చుని డబ్బులు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాడు.

గిరాకీ దొరికాక ఆగుతాడా మార్కెటింగ్ అబ్బాయి? పథ్యం భోజనానికి కొత్త హెడ్డింగులు అడిగాడు ఏఐని. అది క్షణంలో "ఈ జావతో షుగర్ మాయం!" అంది. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. ఈ ఒక్కటీ అతనికి సమయానికి గుర్తొచ్చి చెరిపేశాడు. తర్వాతది "జావ వెనక దాగిన రహస్యం".

"రాగిపిండీ నీళ్లూ" అంది పిన్ని. "ఇలా తే ఆ పెట్టె."

పాతవన్నీ తీసేయించింది. "ఆసుపత్రి ఎదురు సందులో" అన్నదాన్ని రెండో స్థానంలో బిగించమంది. మొదటిది తనే చెప్పింది, అతను టైపు చేశాడు: "కారం వేయం, అడిగితే వేస్తాం". మొదటి సగం పిన్నిది, రెండో సగం బాబాయ్ గొడవ పడి పెట్టించుకున్నది.

లెక్క 26 చూపించింది. ఎర్ర గీత రాలేదు.

బాబాయ్ ముందుకి వంగి కళ్లజోడు సర్దుకున్నాడు. "మిగిలిన నాలుగక్షరాలకీ ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కోరాదూ?"