సవరణ: బొలెరో నియోల ఫోర్ వీల్ డ్రైవ్ లేదు

మొన్న డీజిల్ బండ్ల పోస్టుల మహీంద్రా బొలెరో నియోల ఎన్10 ఆప్షన్ అనే మోడల్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం) ఉంటదని రాసిన, అది తప్పు. కంపెనీ బ్రోచర్ల చూస్తే అది కూడా వెనక చక్రాల డ్రైవే, ఎక్స్‌ట్రా ఉన్నది లాకింగ్ డిఫరెన్షియల్. వెనక టైర్లల్ల ఒకటి బురదల ఊకె తిరుగుతుంటే అదే లాక్ అయ్యి రెండోదానికి బలం ఇస్తది, బటన్ గిటన్ నొక్కేది ఏం లేదు. మిర్యాలగూడ దిక్కు కాలువ కట్టల మీద, పొలం బాటల పోయేటోళ్లకు మస్తు పనికొస్తది గని వెనకవి రెండూ దిగబడితే ముందు చక్రాలు గుంజవు, ట్రాక్టర్‌ని పిలవాల్సిందే.

ఇంకోటి, మామూలు బొలెరోకు, నియోకు ఇంజన్ ఒకటే అని కొందరు అనుకున్నరు. రెండూ 1.5 లీటర్ మూడు సిలిండర్లవే గని మామూలుదానికి టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 210 ఎన్ఎం, నియోకు 260. నియో అంటే పాత టీయూవీ300నే, 2021ల పేరు, ముఖం మార్చి తెచ్చిండ్రు.

ఆ పోస్టుల నియోను గట్టి బండి అన్నది ల్యాడర్ ఛాసిస్ (కింద నిచ్చెన లెక్క ఉండే ఇనుప ఫ్రేమ్) చూసి అన్న, సేఫ్టీ గురించి కాదు, 2024ల గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండ్లను గుద్దించి చేసే సేఫ్టీ టెస్టుల నియోకు ఒక్క స్టారే వచ్చింది. ఫోర్ వీల్ ఉన్నదనుకొని అడ్వాన్స్ కడ్తనన్న దేవరకొండ అన్నా, జర ఆగు.