ఆథర్ల క్యూ గారికి, తిరుపతి నుంచి

మెడికల్ జర్నళ్లలో పరిశోధన పేపరు టైటిల్ కింద, రాసినవాళ్ల పేర్ల వరుసగా కొలువుదీరి ఉండే మహారాజశ్రీ ఆథర్ల క్యూ గారికి, ఒక మెడికల్ కాలేజీలో లెక్కలు చూసే స్టాటిస్టీషియన్ నమస్కరించి రాయునది ఏమనగా,

క్యూల గురించి మా ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వదర్శనం, మూడొందల టికెట్టు, వీఐపీ బ్రేక్... ఎవరు ఎంతసేపట్లో లోపలికి పోతారో అలిపిరి దగ్గర టీ అమ్మే అబ్బాయిని అడిగినా చెప్తాడు. మాకు అంతుపట్టనిదల్లా మీ లైనే. ముందు నిలబడేది చాకిరీ చేసినవాళ్లు, చిట్టచివర నిలబడేది పరిశోధనకి పెద్దదిక్కైన పెద్దాయన. నడుమ ఉన్నవాళ్లు ఎందుకున్నారో వాళ్లకే తెలీదు.

మీ పాత లెక్కలు తిరగేశాను. పేరున్న ఆరు మెడికల్ జర్నళ్లలో అమెరికా డాక్టర్ల పేపర్లు చూస్తే, 1970లో మొదటి పేరు ఆడవాళ్లది అయినవి 5.9 శాతం. 2004కి 29.3 శాతం. శభాష్! చివరి పేరులోనూ పెరిగారు, 3.7 నుంచి 19.3కి. అంటే 2004లో కూడా ఐదు పేపర్లలో నాలుగింటికి చివర ఉన్నది సారే. 2014 దాకా చూసిన ఇంకో లెక్కలో మొదటి పేరు 37 శాతానికి చేరింది గానీ, 2009 నుంచే కదలిక ఆగిపోయింది. కంపార్ట్‌మెంటు గేటుకి తాళం ఎవరు వేశారండీ?

ఆడపిల్లలు ఈ చదువుకి రావట్లేదనే సాకు మా ఊళ్లో చెల్లదు. ఇక్కడ మహిళా యూనివర్సిటీ 1983 నుంచి ఉంది. 2014 నుంచి అమ్మవారి పేరుతో ఆడపిల్లలకే ఒక మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది.

మా పీజీ అమ్మాయి సంగతి చెప్తాను. నైట్ డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, తిన్నగా రికార్డు రూముకి వచ్చేది. దారంతో కట్టిన కేస్ షీట్ల కట్టలు విప్పితే దుమ్ము లేస్తుంది, రెండు మాస్కులు పెట్టుకున్నా తుమ్ములే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2నా 7.2నా అర్థంకాని చేతిరాతలు. ఫోన్ టార్చి వేసి చూసి, పక్కన యూరియా ఎంతుందో చూసి, అప్పటికీ తేలకపోతే ల్యాబ్ రిజిస్టరు వెతికి ఎక్సెల్‌లో ఎక్కించేది. పేపరు తయారయ్యాక పేర్లు చూసుకుని నన్నడిగింది, "మేడమ్, ఈ మూడో సారు ఎవరు?"

పక్క డిపార్ట్‌మెంటు సారమ్మా. ప్రమోషన్ లెక్కలోకి రావాలంటే మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరెస్పాండింగ్ ఆథర్ కావాలని 2020లో రూలొచ్చింది. అప్పటినుంచి మూడో స్థానానికి బ్రేక్ టికెట్టు కన్నా గిరాకీ.

ఆథర్ అనిపించుకోవాలంటే అంతర్జాతీయ ఎడిటర్లు నాలుగు షరతులు పెట్టారు. పరిశోధనలో చెప్పుకోదగ్గ పని చేయాలి, రాయాలి లేదా బాగా దిద్దాలి, తుదిరూపం చూసి ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉండాల్సిందేనట. ఇక్కడ గది తలుపుకి నేమ్‌ప్లేటు ఉంటే చాలు.

పైగా మీ తోక ఏటేటా పెరుగుతోంది. 2021లో కోవిడ్, సర్జరీల మీద వచ్చిన ఒక పేపరుకి 15,025 మంది ఆథర్లు, గిన్నిస్ రికార్డు! మా కొండ మీద రోజుకి అరవై వేలు దాటుతారు కాబట్టి మేమేం బెదరలేదు లెండి. ఇంతమంది కలిసి పనిచేయడం మంచిదే. కాకపోతే క్యూ ఎంత పొడుగైతే నడుమ ఉన్నవాళ్లు అంత కనపడరు. అక్కడ ఇరుక్కునేది ఎక్కువగా ఎవరో మీకు తెలీదా?

2020లో ఇంకో ముచ్చట. అంతకుముందు ఏడాది అవే జర్నళ్లలో వచ్చిన పేపర్లతో పోలిస్తే, కోవిడ్ పేపర్లలో మొదటి పేరు ఆడవాళ్లది కావడం 19 శాతం తగ్గింది. సార్లకి లాక్‌డౌన్‌లో రాసుకోవడానికి తీరిక దొరికింది. మేడమ్‌లకి పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, అత్తగారి షుగర్, మూడు పూటలా వంట దొరికాయి.

నా పేరంటారా? పేపరు అడుగున, కృతజ్ఞతల్లో, ఫోటోలు తీసిపెట్టిన అబ్బాయి పక్కన. నిన్న జర్నల్ నుంచి, పేపరు చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్ల ప్రశ్నలు వచ్చాయి. రెండో ఆయన వేసినవన్నీ స్టాటిస్టిక్స్ మీదే. చివరి సారు మెయిల్‌ని నాకు ఫార్వర్డ్ చేసి, "అర్జెంటమ్మా, రేపటికల్లా" అన్నారు. జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. మీ లైన్లో నాకు ఎన్నో నంబరో ముందు చెప్పండి, అప్పుడు పంపుతాను.

ఇట్లు,
కృతజ్ఞతల్లోని మనిషి