తుపానుల్లో పస తగ్గిందని ఫార్వర్డ్ చేసే ముందు

మూడు రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదు గ్రూపుల నుంచి వచ్చింది. చివరికి మా కావలి స్కూల్ గ్రూపులో కూడా పడింది. పెట్టినవాడు నా చిన్నప్పటి స్నేహితుడే. అందులో ఉన్నది ఇంతే: బంగాళాఖాతంలో తుపానులు తగ్గుతున్నాయి కాబట్టి సముద్రం వేడెక్కుతోందన్నది కట్టుకథ. పేర్లు పెట్టి జనాన్ని భయపెడుతున్నారు. ఇప్పుడు తుపానుకు పదిమంది కూడా చావడం లేదంటే వాటిలో పస లేదు, షెల్టర్లకు పరిగెత్తే పని లేదు.

పేర్ల గొడవ ఒక్క ముక్కలో తేలిపోతుంది. 2004 నుంచి మన వైపు సముద్రాల్లో పుట్టే తుపానులకు, చుట్టుపక్కల దేశాలు ముందే ఇచ్చిన జాబితాలోంచి పేర్లు పెడుతున్నారు. ఏ తుపాను గురించి మాట్లాడుతున్నామో తెలియడానికే ఆ పేరు.

తుపానులు తగ్గాయన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. 1951 నుంచి 2018 వరకు లెక్క తీస్తే ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏటా వచ్చే తుపానుల సంఖ్య తగ్గింది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదికే ఆ సంగతి చెప్పింది. 2000 తర్వాత, వర్షాకాలం పోయాక వచ్చే అతి తీవ్ర తుపానులు పెరిగాయని కూడా అదే నివేదిక చెప్పింది. మెసేజ్ రాసినవాళ్ళకు మొదటి వాక్యం కనపడి రెండోది కనపడలేదా? సముద్రం వేడెక్కితే తుపానులు ఎక్కువ పుట్టాలని ఎవరూ అనలేదు. పుట్టినవాటికి బలం త్వరగా అందుతుంది. 2020 మేలో ఆంఫన్ మామూలు తుపానుగా మొదలై రెండు రోజులు తిరక్కుండానే సూపర్ సైక్లోన్, అంటే అన్నిటికన్నా తీవ్రమైన రకం తుపాను, అయింది.

అయినా మన నెల్లూరు జిల్లాలో తుపానులు లెక్కపెట్టుకుని ధైర్యంగా కూర్చోవడం ఎలా? 2021 నవంబర్‌లో వచ్చింది తుపాను కూడా కాదు, వాయుగుండం. దానికే పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. వేడి గాలి తేమను ఎక్కువ పట్టుకుంటుంది, ఆ తేమంతా వానై మన మీదే పడుతుంది.

ఇక చావులు తగ్గాయి కాబట్టి పస లేదన్న మాట. నాకు ఒళ్ళు మండేది దీనికే. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెనకు దాదాపు పదివేల మంది పోయారు. 1989 నవంబర్‌లో మా కావలి దగ్గర తీరం దాటింది సూపర్ సైక్లోన్, గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. నాకప్పుడు పదేళ్ళు. తలుపు ఊడిపోతుందని మా నాన్న, మామ కలిసి రుబ్బురోలు దొర్లించుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టారు. గాలికి అంత రోలూ జానెడు వెనక్కి జరిగింది. తెల్లారి చూస్తే వీధిలో నిలబడిన కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు. ఆ తుపానుకు రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు వందలోపే. ఈ మెసేజ్ లెక్కన అది చిన్న తుపాను అయిపోవాలి! దాని గాలి దివిసీమ నాటి గాలికి ఏమాత్రం తీసిపోలేదు. దివిసీమలో ప్రాణాలు తీసింది ముఖ్యంగా ఉప్పెన, పైగా జనం ఇళ్ళలో ఉండగానే నీళ్ళు మీద పడ్డాయి.

ఒడిశాలోనూ అంతే. 1999లో దాదాపు పదివేల మంది పోయారు, 2013లో ఫైలిన్‌కు పదుల్లోనే. ఫైలిన్ చిన్నదని కాదు, లక్షల మందిని ముందే తీరం నుంచి కదిలించారు. శాటిలైట్లు, చెన్నైలో, శ్రీహరికోటలో, మచిలీపట్నంలో రాడార్లు, పక్కా షెల్టర్లు, మైకు పట్టుకుని వీధివీధి తిరిగే సిబ్బంది, వీటన్నిటి వల్ల చావులు తగ్గాయి. జనం కదలబట్టి బతికారు. బతికారు కాబట్టి ఇక కదలక్కర్లేదని చెప్తారా?

మైపాడు దగ్గర మా చిన్నమ్మ ఉంటుంది. 2023లో మిచాంగ్ వచ్చేముందు ఫోన్ చేస్తే, "ఏం కాదులే అబ్బయా, ఇప్పుడొచ్చేవన్నీ ఉత్తవేనంట, పిల్లోడి ఫోన్లో వచ్చిందిలే" అంది. రేషన్ కార్డు, పాసుబుక్కు కవర్లో చుట్టి సంచిలో పెట్టుకుని కూడా ఆ మాటకు ఆగిపోయింది. పక్కింటోళ్ళతో చెప్పించి, బతిమాలి, చీకటి పడ్డాక స్కూలు బిల్డింగుకు చేర్చేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

గ్రూపులో పెట్టినవాడికి ఒకటే చెప్తున్నా. ఒరే, 89లో మీ ఇంటి రేకులు ఎగిరొచ్చి మా దొడ్లో పడ్డాయి. నువ్వూ మీ అమ్మా ఆ రాత్రి మా రోలు వెనకే కూర్చున్నారు. ఆ మెసేజ్ తీసెయ్.