టెక్సాస్‌కు 40 బఠాణీలు

అయిదో తరగతి చదివే మా అమ్మాయి, అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఏ రాష్ట్రానికి ఎన్ని ఎలక్టోరల్ ఓట్లో మ్యాపు మీద చూపించాలట. అధ్యక్షుణ్ని చివరికి తేల్చేది రాష్ట్రాలవారీగా పంచిన ఈ ఓట్లే. అంకెలు రాస్తే అయిపోయేది. కానీ తెనాలి నుంచి మా మామగారు వచ్చి ఉన్నారు. రిటైర్డ్ హెడ్మాస్టరు. "అంకెలు ఎవడు చూస్తాడండీ, కంటికి ఆనాలి" అన్నారు. ఓటుకు ఒక ఎండు బఠాణీ చొప్పున 538 అతికించాం. గ్లూ ఎవరు కొన్నారన్నది ఇప్పుడు అనవసరం.

స్కూలు కారిడార్‌లో ఎవరిదో స్ట్రోలర్ వచ్చి బోర్డుకు తగిలింది. ముందు కాలిఫోర్నియా రాలింది, 54. దాని వెనకే ఫ్లోరిడా, న్యూయార్క్, చివరికి అందరూ. కింద పడ్డాక ఏ బఠాణీ ఏ రాష్ట్రానిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

నేను ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల మీద కూర్చున్నాను. మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన సర్వీసంతా ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఎలక్షన్ డ్యూటీలు చేసిన మనిషి. పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సిలో లెక్క సరిపోనిదే పెట్టె కదలనిచ్చేవారు కాదట.

"ముందు రాష్ట్రానికి రెండేసి పెట్టండి."

అవి ఎగువ సభలో రాష్ట్రానికి ఇద్దరేసి ఉండే సెనేటర్ల వాటా. చిన్నా పెద్దా తేడా లేదు, వంద అయిపోయాయి. వాషింగ్టన్ డీసీకి మూడు, అవి 1961లో రాజ్యాంగం సవరించి ఇచ్చినవి. మిగిలిన 435 జనాభాను బట్టి పంచాలి. దారికి అడ్డం లేవమని మెడలో ట్యాగు వేసుకున్న వాలంటీరు ఒకాయన మాటిమాటికీ వచ్చి చెబుతున్నాడు. ఒక్క గింజైనా ఏరిపెడితే ఆయన సొమ్మేం పోయేది?

"వయోమింగ్‌లో జనం ఎంత?"

"ఆరు లక్షల లోపే, మావయ్యగారూ."

"దానికి మూడా! కాలిఫోర్నియాలో ఏడు లక్షల మందికి పైగా కలిస్తే ఒక్క బఠాణీ, ఇక్కడ రెండు లక్షల మందికే ఒకటా? ఇదేం పంపకం అల్లుడు గారూ?"

ఆ రాజ్యాంగం రాసింది నేనే అన్నట్టు చూశారు. అటుగా వెళ్తున్న ఓ తెల్లాయన్ను ఆపి, మన రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రా ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, అదీ 1971 జనాభా లెక్కన, అంటూ మొదలుపెట్టారు. తెలుగులోనే. బఠాణీలు ఏరుతూ, కింద నుంచి ఆయనకు అనువాదం చేసి పెట్టాను. ఆయన చాలా మర్యాదస్తుడు. కదల్లేదు.

టెక్సాస్ వంతు వచ్చింది. 2020 జనాభా లెక్కల తర్వాత మా రాష్ట్రానికి 38 నుంచి 40కి పెరిగాయని మా అమ్మాయి అందరికీ వినపడేలా చెప్పి, "ఆ లెక్కలో మా డాడీ కూడా ఉన్నారు. కానీ డాడీకి ఓటు లేదు" అంది.

నిజమే. ఇక్కడ ఉంటున్న ప్రతి మనిషినీ లెక్కేస్తారు, పౌరుడా కాదా అని చూడరు. ఆ ఫారం నేనే ఉత్సాహంగా ఆన్‌లైన్‌లో నింపాను. రాష్ట్రానికి ఓట్లు పెంచడానికి పనికొచ్చిన తల, ఓటు వేయడానికి మాత్రం గ్రీన్‌కార్డు క్యూలో నిలబడాలి. అది వచ్చినా ఓటు రాదు, పౌరసత్వం కోసం మళ్లీ ఇంకో క్యూ. అప్పుడు నా చేతిలో ఉన్నది టెక్సాస్ నలభయ్యో బఠాణీ. చుట్టూ ఉన్నవాళ్లు "ఓ..." అని జాలిపడ్డారు. మామగారి ముఖం మారిపోయింది.

"ఇన్నేళ్లుగా పన్ను కడుతున్నారుగా?"

"కడుతున్నానండీ."

"మా అమ్మాయికి కూడా లేదా ఓటు?"

"లేదండీ."

"పెళ్లిచూపుల్లో ఈ మాట చెప్పలేదే!"

తెల్లాయన అనువాదం కోసం చూశాడు. ఇవ్వలేదు.

చివరికి లెక్కపెడితే 537 తేలాయి. టీచరమ్మ మురిసిపోయి, 2000లో ఫ్లోరిడాలో బుష్ మెజారిటీ సరిగ్గా అంతేనంది. మాకది కాదు సమస్య. పోయింది బఠాణీ కూడా కాదు, బొబ్బరి గింజ. మిగతా రాష్ట్రాల్లో గెలిచినవారికే ఓట్లన్నీ. మెయిన్, నెబ్రాస్కా మాత్రం రెండు ఓట్లు రాష్ట్రంలో గెలిచినవారికిచ్చి, మిగతావి ఒక్కో కాంగ్రెస్ జిల్లాలో, అంటే మన లోక్‌సభ నియోజకవర్గం లాంటి దాంట్లో, గెలిచినవారికి ఒక్కొక్కటిగా ఇస్తాయి. ఆ జిల్లాలకు గుర్తుగా బొబ్బర్లు వాడాం. పోయినది నెబ్రాస్కాలోని ఒమాహా జిల్లాది, 2008లో ఒబామా గెలుచుకున్న ఆ ఒక్క ఓటు.

ఈలోగా వాలంటీరు వాక్యూమ్ క్లీనర్‌తో ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. మామగారు వెళ్లి దాని ప్లగ్గు పీకేశారు.

"లోపలి సంచి విప్పి చూపించమని చెప్పండి" అన్నారు నాతో.