ఏఐ సిగ్నళ్లు ట్రాఫిక్‌ను 40 శాతం తగ్గించాయన్నది తప్పు

“పిట్స్‌బర్గ్‌లో ఏఐ సిగ్నళ్లు పెట్టగానే ట్రాఫిక్ 40 శాతం తగ్గింది. కెమెరా బండ్లను లెక్కపెడుతుంది, కంప్యూటర్ గ్రీన్ ఇస్తుంది, ఇక ఎవరూ ఆగనక్కర్లేదు. సిమ్యులేషన్లలో కూడా రుజువైంది. మన ఊళ్లలో పెట్టకపోవడం అలసత్వమే.”

ఈ సందేశం కాస్త అటూ ఇటూగా మారుతూ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. దీని వెనకున్న పరిశోధన నిజమైనదే, మంచిదే. కానీ ఆ పరిశోధన చెప్పని మాటలన్నీ సందేశం చెబుతోంది.

“ట్రాఫిక్ 40 శాతం తగ్గింది”

తగ్గింది ట్రాఫిక్ కాదు, బండ్లు ఆగి ఉన్న సమయం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ స్మిత్ బృందం తయారుచేసిన సర్‌ట్రాక్ పద్ధతిని 2012లో పిట్స్‌బర్గ్‌లోని ఈస్ట్ లిబర్టీలో తొమ్మిది కూడళ్లలో పెట్టారు. అవే దారుల్లో పాత టైమింగులతో ఒకసారి, కొత్త పద్ధతితో ఒకసారి కార్లు నడిపి జీపీఎస్ జాడలు పోల్చి చూశారు. ప్రయాణ సమయం 25 శాతానికి పైగా, ఆగి ఉన్న సమయం 40 శాతానికి పైగా తగ్గాయి. ఆ అంకెల్లో బండ్ల సంఖ్య ప్రసక్తే లేదు.

సర్‌ట్రాక్ కూడలిని ఒకసారికి ఒక పనే చేయగల యంత్రంగా లెక్కిస్తుంది. దగ్గరగా వస్తున్న బండ్లను ఒక గుంపు చేసి, ఆ గుంపును ఒక పనిగా తీసుకుని, ఏది ముందు ఏది తర్వాత అని వరస వేస్తుంది. సెకన్ల తేడాతో ఆ వరసను మళ్లీ వేస్తూ ఉంటుంది. తన దగ్గర నుంచి ఎన్ని బండ్లు ఎప్పుడు బయల్దేరతాయో ముందున్న కూడలికి చెబుతుంది. ఖాళీ రోడ్డుకు పోయే గ్రీన్ బండ్లున్న రోడ్డుకు మళ్లుతుంది. లాభం అక్కడిదే. కాబట్టి పాత టైమింగులో వృథా ఎంత ఉంటే లాభం అంత. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని టైమింగుతో పోలిస్తే అంకె ఘనంగా వస్తుంది, ఈమధ్యే చక్కగా సరిచేసిన టైమింగుతో పోలిస్తే చిన్నదైపోతుంది. ఎవరైనా శాతం చెబితే దేనితో పోల్చారని ముందు అడగాలి.

“ఇక ఎవరూ ఆగనక్కర్లేదు”

ఇక్కడ లెక్కే అడ్డొస్తుంది. కూడలికి చేరే దారి వెడల్పులో మీటరుకు గంట గ్రీన్‌లో 525 పీసీయూ వదలగలదని మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న సూత్రం. పీసీయూ అంటే కారును ఒకటిగా తీసుకుని మిగతా బండ్లను కొలిచే లెక్క. ఏడు మీటర్ల దారికి గంటకు 3,675 వస్తుంది, అంటే సెకనుకు దాదాపు ఒకటి. 30 సెకన్ల గ్రీన్‌లో దాటేది 30 దాకా. ఆ గ్రీన్ ఇచ్చింది కానిస్టేబులైనా, పాత టైమరైనా, ఏఐ అయినా అంతే.

ఫేజ్ (ఒక దారికి గ్రీన్ ఇచ్చే వంతు) మారిన ప్రతిసారీ కదలడానికి పట్టే జాప్యం, ఆంబర్ (పసుపు దీపం), ఆల్-రెడ్ (అన్ని వైపులా ఎరుపు) కలిసి నాలుగు సెకన్లు పోయాయనుకుందాం. నాలుగు ఫేజ్‌లకు 16. ఒక్కో ఫేజ్‌లో అతి రద్దీ దారికి వచ్చే బండ్లను ఆ దారి వదలగల గరిష్ఠంతో భాగించి, నాలుగు భాగాలూ కలిపితే కూడలి మీద ఉన్న ఒత్తిడి తెలుస్తుంది. బ్రిటన్‌లో ట్రాఫిక్ పరిశోధకుడు వెబ్‌స్టర్ 1958లో ఇచ్చిన సూత్రం ప్రకారం, పోయే సెకన్లను ఒకటిన్నరతో గుణించి, 5 కలిపి, ఒకటిలోంచి ఒత్తిడి తీసేయగా మిగిలిన దానితో భాగిస్తే సరైన సైకిల్, అంటే అన్ని ఫేజ్‌లూ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, వస్తుంది. ఒత్తిడి 0.75 అయితే సైకిల్ 116 సెకన్లు. 0.85 అయితే 193. 0.95 అయితే 580, అంటే తొమ్మిది నిమిషాల 40 సెకన్లు! ఒకటి దాటితే ఏ సైకిలూ సరిపోదు, బారు పెరుగుతూనే ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు చాలా కూడళ్ల పరిస్థితి అదే. ఆ వేళకు ఏఐ చేతిలో మళ్లించడానికి ఖాళీ గ్రీన్ మిగలదు. కూడలి దాటగానే బస్సు ఆగి దారి మూసుకుపోతే ఉన్న గ్రీన్ కూడా వృథాయే. ఆ బస్టాప్‌ను ముందుకు జరపడం సాఫ్ట్‌వేర్ చేయగల పని కాదు.

“కెమెరా బండ్లను లెక్కపెడుతుంది”

బస్సు వెనక దాక్కున్న నాలుగు బైకులు కెమెరాకు కనపడవు. వానలో తడిసిన రోడ్డు మీద హెడ్‌లైట్ల మెరుపు చూసి లేని బండ్లు కూడా లెక్కలోకి వస్తాయి. వస్తువులను గుర్తుపట్టడం నేర్పడానికి అందరూ వాడే కోకో అనే బొమ్మల సేకరణ (డేటాసెట్)లోని 80 రకాల్లో ఆటో లేదు. దాంతో నేర్పిన మోడల్‌ను నేరుగా తెచ్చి పెడితే ఆటోను కారనో ట్రక్కనో అంటుంది, పీసీయూ లెక్క అక్కడే చెడుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తయారుచేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో ఆటోకు వేరే తరగతి ఉంది, అలాంటి మన రోడ్ల బొమ్మలతో మళ్లీ నేర్పాల్సిందే.

అంతకన్నా పెద్ద చిక్కు బారు. కెమెరా చూపు 60 మీటర్ల దాకానే ఉంటే, 60 మీటర్ల బారైనా 600 మీటర్ల బారైనా దానికి ఒకటే. వెనక మరో డిటెక్టర్ లేకపోతే రద్దీ ముదిరిన వేళే అది గుడ్డిదవుతుంది.

“సిమ్యులేషన్లలో రుజువైంది”

సిమ్యులేషన్ అంటే కంప్యూటర్‌లో నడిపే నకలు ట్రాఫిక్. దానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది జర్మనీలో పుట్టిన సుమో అనే సాఫ్ట్‌వేర్. చాలా మంచి పనిముట్టు, కానీ దాని డిఫాల్టులు (మనం మార్చకపోతే ఉండే అమరికలు) తెలియకుండా తీసిన అంకెను నమ్మకూడదు. అందులో వేగం సెకనుకు 0.1 మీటరు లేదా అంతకన్నా తక్కువైతేనే బండి ఆగినట్టు. కాస్త కదిలితే దాని నిరీక్షణ లెక్క మళ్లీ సున్నా. ఆ విలువ తగ్గడాన్నే బహుమతిగా పెట్టి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ఏజెంట్‌కు (బహుమతి కోసం ప్రయత్నిస్తూ నేర్చుకునే ప్రోగ్రాంకు) నేర్పితే, అది అన్ని దారులకూ రెండేసి సెకన్ల గ్రీన్ ఇచ్చి బండ్లను జరిపి లెక్క చెరిపేయడం నేర్చుకుంటుంది. మొత్తం ఆలస్యం తగ్గడాన్ని బహుమతిగా పెడితే ఈ దొంగదారి మూసుకుపోతుంది.

300 సెకన్లు ఇరుక్కున్న బండిని సుమో తనంతట తానే ఎత్తి ముందు ఖాళీ ఉన్న చోట పెడుతుంది. టెలిపోర్ట్ (ఇలా ఎత్తి పెట్టడం) సమయం -1 అని ఇస్తే అది ఆగుతుంది. రోడ్డు నిండిపోయి లోపలికి రాలేని బండ్లు బయటే ఉండిపోతాయి, కూడలి దగ్గర కొలిచే నిరీక్షణలోకి రావు. ప్రయాణ ఫలితాల ఫైలులో గమ్యం చేరినవే ఉంటాయి, అంటే ఘోరంగా ఇరుక్కున్నవే లెక్క తప్పుతాయి. బండ్లు లేన్ మధ్యలో వరసగా నడుస్తాయి, సందుల్లోంచి ముందుకొచ్చే బైకు కావాలంటే సబ్‌లేన్ మోడల్ విడిగా ఆన్ చేయాలి. ఇక సీడ్ (యాదృచ్ఛికతను నిర్ణయించే మొదటి అంకె) మార్చకపోతే వందసార్లు నడిపినా ఒకటే ఫలితం.

“అలసత్వమే”

ఇది పూర్తిగా నిజం కాదు. సిగ్నల్ టైమింగులకు ఏఐ వాడే గూగుల్ గ్రీన్ లైట్ పనిచేస్తున్న నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అది కెమెరా పెట్టదు, మ్యాప్స్ సమాచారం చూసి టైమింగు సూచనలిస్తుంది, మార్చేది ట్రాఫిక్ ఇంజినీర్లే.

సందేశంలో ఊసే లేనివాళ్లు కాలినడకన దాటేవాళ్లు. 24 మీటర్ల రోడ్డు సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాటడానికి 20 సెకన్లు, అడుగు తీసి దిగడానికి 7, మొత్తం 27 సెకన్లు కావాలి. పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువే. బండ్ల ఆలస్యాన్నే తగ్గించమన్న ప్రోగ్రాం మొదట కోసేది ఈ 27 సెకన్లనే. అందుకే దాన్ని బహుమతి లెక్కలో ఒక బరువుగా కలపకూడదు. ఏఐ ఏం చెప్పినా దాటలేని కనీస హద్దుగా కంట్రోలర్‌లోనే (సిగ్నల్ దీపాలను నడిపే పెట్టెలోనే) బిగించాలి.