ఆశ్రయమిస్తే వైరమేనా?

హైదరాబాద్ శివారు బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకుంటున్న, మయన్మార్ నుంచి వచ్చిన రొహింగ్యాల్లో చాలామందికి ఉన్న ఆధారం ఐరాస శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. దానితో మన చట్టం ప్రకారం వారికి దక్కే హక్కేమీ లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. శరణార్థి ఎవరో చెప్పే సొంత చట్టమూ చేసుకోలేదు. ఎన్నికలొస్తే మాత్రం నాయకులకు ఆ బస్తీలు గుర్తొస్తాయి. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రొహింగ్యాలు బంగ్లాదేశ్ చేరారు. ఆ బరువు పంచుకోవడానికి పొరుగు దేశాల మధ్య ఏ ఒప్పందమూ లేదు.

ఐరోపా సమాఖ్యను చూసి నేర్చుకోవాలంటారు. ముందు దాని పొరపాటు నుంచి నేర్చుకోవాలి. శరణార్థి మొదట అడుగుపెట్టిన దేశమే దరఖాస్తు తేల్చాలన్న డబ్లిన్ నిబంధనతో భారమంతా గ్రీస్, ఇటలీల నెత్తిన పడింది. 2015లో 1.6 లక్షల మందిని పంచుకుందామని తీర్మానించి, నాలుగో వంతు మందిని కూడా తరలించలేకపోయారు. 2024 ఒప్పందం మరో దారి చూపింది: మనుషులను తీసుకోని దేశం తలకు 20 వేల యూరోలు కట్టవచ్చు, లేదా మరో రూపంలో సాయపడవచ్చు. హంగరీ, పోలండ్ దానికీ ఒప్పుకోలేదు.

మనకు అక్కరకొచ్చేది ఆఫ్రికా అనుభవం. ఆశ్రయమివ్వడం మానవతా చర్య, దాన్ని ఏ సభ్యదేశమూ శత్రుచర్యగా చూడరాదని 1969లోనే ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఒప్పందంలో రాసుకున్నారు. మోయలేని దేశం తోటి దేశాల సాయం కోరవచ్చనీ చేర్చారు. అక్కడ అన్నీ అమలయ్యాయని కాదు. కానీ దక్షిణాసియాలో అసలు చిక్కు ఆశ్రయాన్ని శత్రుచర్యగా చూడటంలోనే ఉంది. 1959లో దలైలామాకు చోటిచ్చినందుకు బీజింగ్ కినుక నేటికీ తీరలేదు. ఎవరినైనా చేరదీస్తే పొరుగు ప్రభుత్వం ఏమనుకుంటుందోనన్న జంకు ప్రతి రాజధానిలోనూ ఉంది.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్రం 2014 తర్వాత జరగనే లేదు. మయన్మార్ అందులో సభ్యదేశమూ కాదు. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్‌స్టెక్‌లో భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్ నాలుగూ ఉన్నాయి. ఆ కూటమిలో భద్రతా రంగానికి సారథ్యం మనదే. ఆఫ్రికా ఒప్పందంలోని ఆ రెండు నిబంధనలను ఢిల్లీ అక్కడ ప్రతిపాదించాలి. ఇంట్లో చట్టం లేకుండా బయట అడిగితే వినేవారుండరు. జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలో దక్షిణాసియా కోసం రూపొందిన నమూనా శరణార్థి చట్టం 1997 నుంచీ అందుబాటులో ఉంది. 2025లో విదేశీయుల చట్టాన్ని తిరగరాసినప్పుడు కూడా కేంద్రం దాన్ని పట్టించుకోలేదు. పార్లమెంటు వచ్చే సమావేశాల్లోనే ఆ నమూనాను చర్చకు తేవాలి.